చదువుకునే వేళ అడిగి తీసుకో చెల్లీ!

చెల్లీ, గ్రూప్స్‌కి ప్రిపేరవుదామనుకుంటున్నావని తెలిసి ఎంత సంతోషమేసిందో! పుస్తకాలు కొనేశావు, యూట్యూబ్ క్లాసులు సేవ్ చేసుకున్నావు, టెలిగ్రామ్ గ్రూపుల్లో చేరావు. అన్నీ బాగానే ఉన్నాయి. మరి చదవడానికి వేళేదీ?

"పనులన్నీ అయ్యాక చదువుకుంటా అక్కా" అంటావని తెలుసు. మనలో చాలామంది ఇచ్చే జవాబు అదే. కానీ ఇంటి పని 'అయిపోవడం' ఎప్పుడైనా చూశామా? గిన్నెలు కడిగేసరికి పిల్లాడి హోంవర్క్, అది అయ్యేసరికి రాత్రి వంట. పడుకోబోయే ముందు పుస్తకం తెరిస్తే పేజీ తిరగకుండానే కళ్లు మూతపడతాయి. అందుకే ఈసారి మన ముచ్చటంతా వేళ గురించే.

ముందు ఆ పరీక్ష ఎంతుందో చూద్దాం. తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటీ 150 మార్కులు, మొత్తం 600. జనరల్ స్టడీస్ ఒకటి, చరిత్ర, పాలిటీ, సమాజం కలిపి ఒకటి, ఎకానమీ ఒకటి, తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం ఒకటి. ఇంటర్వ్యూ లేదు కాబట్టి ఆ మార్కులే నీ ర్యాంకు. ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 అయితే ముందు 150 మార్కుల స్క్రీనింగ్, అది దాటితే మెయిన్స్‌లో 150 మార్కుల పేపర్లు రెండు. పైగా తప్పు రాసిన ప్రతి జవాబుకీ మూడో వంతు మార్కు కోత. ఇంత సిలబస్ దొరికిన పావుగంటల్లో పూర్తవుతుందా చెప్పు?

ఇంకో సంగతి ఉంది. ఒక్కో పేపరూ రెండున్నర గంటలు. అన్నిసేపు కదలకుండా కూర్చుని 150 ప్రశ్నలు చదివి, ఆలోచించి, ఓఎంఆర్ మీద గుండ్రాలు నింపాలి. మనకేమో పది నిమిషాలకోసారి పాలు పొంగాయా, కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందీ అని చెవులు వంటింట్లోనే ఉంటాయి. సబ్జెక్టు వచ్చి కూడా చివరి ముప్పై ప్రశ్నలకు నిదానం తప్పేది ఇందుకే. వారానికి ఒక్కసారైనా గడియారం ముందు పెట్టుకుని, తలుపేసుకుని, రెండున్నర గంటలు ఏకబిగిన మోడల్ పేపర్ రాయాలి. ఆ రెండున్నర గంటలు నీకు ఎవరో ఒకరు ఇవ్వాలి. అంటే నువ్వు అడగాలి.

అడగడమంటే గొడవపడటం కాదమ్మా. "నాకు చదువుకోవడానికి టైమే ఉండట్లేదు" అని నిట్టూరిస్తే అది సణుగుడు కింద పోతుంది, ఎవరూ పట్టించుకోరు. లెక్కగా చెప్పు. "అత్తయ్యా, పొద్దున ఐదు నుంచి ఏడున్నర దాకా నన్ను పిలవకండి, పరీక్ష అయ్యేదాకా ఇంతే" అను. ఆయనతో "ఏవండీ, ఆదివారం పొద్దున పిల్లలూ టిఫినూ మీవే" అను. గంట, వారం, పని, ఎప్పటిదాకా... ఈ నాలుగూ చెబితే కాదనడం ఎవరికైనా కష్టమే. వాళ్లు ఒప్పుకున్నాక ఆ వేళలో నువ్వు కూడా లేవకు. "చట్నీ నేనే చేసేస్తాలే, రెండు నిమిషాలేగా" అని మొదటిరోజే లేచావంటే ఆ వేళ మళ్లీ ఇంటిదైపోతుంది.

నాకు తెలిసిన ఒకావిడ, ఇద్దరు పిల్లల తల్లి, స్టవ్ పైన ఉన్న అల్మరా తలుపుకి ఒక కాగితం అంటించుకుంది. 280 ఆర్థిక సంఘం, 315 పబ్లిక్ సర్వీస్ కమిషన్లు, 324 ఎన్నికల సంఘం అని వరసగా ఆర్టికల్స్. నూనె చుక్కలు పడి అంచులు పసుపెక్కగానే అది తీసేసి, కొత్త కాగితం మీద కొత్త ఆర్టికల్స్ రాసేది. పోపు వేస్తూ మననం చేసుకునేది. అయితే ఆవిడ చెప్పిందొక్కటే, "వంటింట్లో చదివింది మననానికే పనికొస్తుంది, అర్థం చేసుకోవాల్సింది మాత్రం తెల్లవారుజామునే చదివా" అని. ఆ తెల్లవారుజాము కోసం పిల్లల స్కూల్ బాక్సుల పని భర్తకు అప్పజెప్పింది. మొదటి వారం పిల్లలు మొహం ముడుచుకున్నారట, తర్వాత నాన్న చేసే ఉప్మాకే అలవాటుపడ్డారట!

ఆర్టికల్స్ అంటే గుర్తొచ్చింది, 371-డి చదివే ఉంటావు. ఆ ఆర్టికల్ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులే నువ్వు ఏ జిల్లాకి లోకలో తేలుస్తాయి. తెలంగాణలో 2018 ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివావో అదే నీ జిల్లా. ఆంధ్రప్రదేశ్‌లోనూ బడి చదువే ఆధారం. పెళ్లయి అత్తవారి ఊరికి వచ్చినంత మాత్రాన ఇక్కడ లోకల్ అయిపోవు. కాబట్టి ఈసారి పుట్టింటికి వెళ్లినప్పుడు పచ్చళ్లతో పాటు చిన్నప్పటి బడికి వెళ్లి బోనఫైడ్ సర్టిఫికెట్లు కూడా తెచ్చుకో. ఆ బడి మూతపడి ఉంటే రికార్డులు ఎక్కడున్నాయో ఎంఈఓ ఆఫీసులో అడుగు. కులం సర్టిఫికెట్టూ, బీసీలకైతే నాన్ క్రీమీలేయరూ తండ్రి పేరు మీదే తీసుకోవాలి. నాన్ క్రీమీలేయర్‌కి భర్త ఆదాయం లెక్కలోకి రాదు. ఈడబ్ల్యూఎస్‌కి మాత్రం భర్త ఆదాయం కూడా కలుపుతారు. దరఖాస్తులో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయి, పెళ్లయ్యాక మారిన ఇంటిపేరుతో రాశావంటే సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో తిప్పలు. ఈ కాగితాల పని నోటిఫికేషన్ పడ్డాక పెట్టుకుంటే చదివే వేళంతా మీసేవ కేంద్రం లైన్లోనే పోతుంది.

కోచింగ్ సంగతి అడుగుతావేమో. గ్రూప్స్ అంటే హైదరాబాద్ అశోక్‌నగర్, డీఎస్సీ అంటే అవనిగడ్డ, బ్యాంకు పరీక్షలంటే నంద్యాల అని పిల్లలు మూటాముల్లే సర్దుకుని వెళ్తుంటారు. వెళ్లగలిగితే మంచిదే. వెళ్లలేకపోతే వెనకబడిపోయానని మాత్రం అనుకోకు. ఆరు నుంచి పది దాకా స్కూలు పుస్తకాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు... పునాది అక్కడే ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ బీసీ స్టడీ సర్కిళ్లు ఉచితంగా కోచింగ్ ఇస్తాయి, కనుక్కో. డీఎస్సీ రాసే చెల్లెళ్లకు ఇంకో మాట. టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. కాబట్టి పాసయ్యామని వదిలేయకుండా, మార్కులు తక్కువుంటే మళ్లీ రాయండి.

ఇక అన్నిటికన్నా కష్టమైన సంగతి, ఎదురుచూపు. తెలంగాణలో 783 గ్రూప్-2 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. రెండేళ్లు! గ్రూప్-1 ప్రిలిమ్స్ అయితే 2022 అక్టోబరులో ఒకసారి, 2023 జూన్‌లో ఒకసారి రాయించి, రెండుసార్లూ రద్దయ్యాయి. ఆ పిల్లల శ్రమ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. వాయిదా పడిన ప్రతిసారీ ఇంట్లో ఆడపిల్ల చదివే వేళే ముందు పోతుంది. "పరీక్ష లేదుగా, ఇంకెందుకు" అంటారు. అప్పుడు గంట తగ్గించుకున్నా ఫర్వాలేదు, పూర్తిగా మాత్రం వదులుకోకు. పోయిన వేళను మళ్లీ అడిగి తెచ్చుకోవడం మొదటిసారి కన్నా కష్టం.

అలాగే ఒక హద్దూ పెట్టుకో తల్లీ. ఆ 783 పోస్టులకు దరఖాస్తు చేసినవాళ్లు ఐదున్నర లక్షల మంది. మూడో వంతు పోస్టులు ఆడవాళ్లకు ఉన్నా, రానివాళ్లే ఎక్కువమంది ఉంటారు. రానంత మాత్రాన వాళ్లు తెలివితక్కువ వాళ్లయిపోరు. ఎన్ని నోటిఫికేషన్లు రాస్తావో, ఈలోపు ఏ ఉద్యోగం చేస్తావో ఇప్పుడే అనుకో, ఇంట్లోవాళ్లకూ చెప్పు. పాలిటీ, ఎకానమీ ఎలాగూ చాలా పరీక్షలకు పనికొస్తాయి. ఒక్క పరీక్ష మీదే ప్రాణం పెట్టేసి, అది పోయిందని నిన్ను నువ్వు శిక్షించుకుంటే ఈ అక్క ఊరుకోదు.

పరీక్ష ముందురోజు సెంటర్ చూసి రా. గేటు మూశాక ఒక్క నిమిషం ఆలస్యమైనా రానివ్వరు. బయోమెట్రిక్ ఉంటుంది కాబట్టి పండగైనా పెళ్లైనా చేతులకు గోరింటాకు వద్దు. హాల్‌టికెట్, ఒరిజినల్ గుర్తింపు కార్డు రాత్రే సర్దిపెట్టుకో. ఆ రోజు పిల్లలు ఎవరి దగ్గరుంటారో వారం ముందే తేల్చుకో.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఈ రాత్రి భోజనాలయ్యాక, అందరూ ఉండగానే, నీ వేళ అడుగు. గొంతు తగ్గించకు, క్షమాపణలు చెప్పకు. నీ ఉద్యోగం వస్తే బాగుపడేది ఆ ఇల్లే కదా! ఏమన్నారో నాకు ఉత్తరం రాయి. ఒప్పుకోకపోతే ఎలా ఒప్పించాలో వచ్చే నెల ముచ్చట్లలో కూర్చుని ఆలోచిద్దాం.