రొమ్ము శస్త్రచికిత్స పిమ్మట చేతికి తేలిక వ్యాయామము

పంచాయతీ సమావేశములలో మంచినీటి సంగతి, వీధి దీపముల సంగతి తరచుగా చర్చకు వచ్చును. రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స చేయించుకొని ఇల్లు చేరిన సోదరి సంగతి మాత్రము రాదు. అది ఆడవారి విషయమని మగసభ్యులు ఊరకుందురు. ఆమెయు సిగ్గుచే చెప్పదు. కాని బోగోలు మండలములో జువ్వలదిన్నె తీరమున చేపల తట్ట మోయు స్త్రీకైనను, లోపలి గ్రామములలో వరినాట్లు వేయు స్త్రీకైనను చేయియే జీవనాధారము. ఆ చేయి పైకి లేవకపోయినచో కుటుంబమంతయు కష్టపడును.

ఇంటిలో ఆమెకు రెండు విధముల సలహాలు దొరకును. “చేయి కదపవద్దమ్మా, కుట్లు విడిపోవును” అని అత్తగారు చెప్పును. నెల తిరుగకముందే “ఇక బిందె ఎత్తవచ్చును గదా” అని మరియొకరందురు. రెండును పొరపాటే.

రొమ్ముతోపాటు చంకలోని లింఫు గ్రంథులను కూడ వైద్యులు కొన్నిసార్లు తీసివేయుదురు. గాయము మానునపుడు అచ్చటి చర్మము, కండరములు బిగుసుకొనును. కదలిక లేని భుజము కొలది వారములలోనే పట్టుకొనిపోవును. 1890 ప్రాంతమున అమెరికా వైద్యుడు హాల్‌స్టెడ్ ప్రవేశపెట్టిన పద్ధతిలో రొమ్ము క్రింది ఛాతీ కండరములను సైతము తీసివేసెడివారు. నేటి శస్త్రచికిత్స అంత తీవ్రమైనది కాదు. అయినను బిగువు తప్పదు.

వైద్యుని అనుమతితో మరునాటి నుండియే తేలిక కదలికలు ఆరంభింపవచ్చును. పిడికిలి మూసి తెరచుట, మోచేయి వంచి చాచుట, భుజములను మెల్లగా గుండ్రముగా త్రిప్పుట, నిదానముగా గాఢశ్వాస తీయుట మొదటి దినములకు చాలును. పడుకొన్నప్పుడు ఆ చేతిని దిండ్లపై గుండెకంటె ఎత్తుగా ఉంచినచో వాపు తగ్గును. గాయమునుండి నీరు తీయు గొట్టము ఉన్నంతకాలము చేతిని భుజము కంటె పైకి ఎత్తరాదు.

గొట్టము తీసి, వైద్యుడు సరేనన్న పిమ్మట గోడ వ్యాయామము మొదలుపెట్టవలెను. గోడకు ఎదురుగా నిలిచి, వ్రేళ్లను చీమ ప్రాకినట్లు పైకి నడిపించి, లాగినట్లు తోచినచోట కొంచెము ఆగి, మెల్లగా దించవలెను. ఐదారు మారులు, దినమునకు రెండు పర్యాయములు చేసిన చాలును. నాటి ఎత్తు వద్ద బొగ్గుతో గీత గీసినచో మరునాడు ఎంత పెరిగెనో ఆమె కంటికే కనబడును. గోడ పాడగునని ఇంటివారు విసుగుకొనరాదు! తన తల తాను దువ్వుకొని కొప్పు ముడుచుకొనుట కూడ మంచి వ్యాయామమే; ఆ పనిని కోడలు చేసిపెట్టకుండుటయే మేలు. కొంచెము లాగినట్లుండుట సహజము. పదునైన నొప్పి వచ్చినచో ఆపవలెను.

బరువుల విషయము వేరు. తొలి నాలుగైదు వారములు నీళ్ల బిందె, బియ్యపు మూట, చంటిబిడ్డ ఇవన్నియు ఇతరులే ఎత్తవలెను. అంతమాత్రమున జీవితాంతము బరువు ముట్టరాదని కాదు. చేయి వాచిన 141 మంది స్త్రీలపై అమెరికాలో జరిపిన పరిశోధన 2009లో వెలువడినది. పర్యవేక్షణలో స్వల్పముగా ఆరంభించి క్రమముగా బరువు పెంచినవారికి వాపు హెచ్చలేదని అందు తేలినది. తట్ట మోయవలసిన స్త్రీకి ఇది ధైర్యమిచ్చు వార్త.

బిట్రగుంటలో రైలెక్కి చెన్నపట్నము పోవువారికి అడయారు క్యాన్సరు సంస్థ తెలిసినదే. తన చెల్లెలు క్యాన్సరుతో మరణించుట చూచిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి కృషివలన అది 1954లో వెలసినది. ఎచ్చట చికిత్స జరిగినను, ఇల్లు చేరకముందే ఫిజియోథెరపిస్టు చేత వ్యాయామములు చేయించి చూపించుకొనుమని ఆ కుటుంబమునకు చెప్పుడు. తోడు వెళ్లినవారును నేర్చుకొనవలెను. మహిళా సభ్యురాలు ఆశా కార్యకర్తతో కలసి వారమున కొకసారి ఆ ఇంటికి పోయి, గోడపై గీత ఎంత పైకి జరిగెనో చూచి రావచ్చును.

చేప ముల్లు గ్రుచ్చుకొన్నను, కొడవలి గీచుకొన్నను వెంటనే సబ్బుతో కడిగి శుభ్రముగా ఉంచవలెను. సూదిమందు వీలైనంతవరకు రెండవ చేతికే వేయించుకొనవలెను. చేయి బరువెక్కి గాజులు బిగిసినచో వైద్యునికి చూపవలెను. చేయి ఎఱ్ఱబడి, వేడెక్కి, జ్వరము వచ్చినచో మరునాటికి వాయిదా వేయక నాడే ఆసుపత్రికి చేర్చవలెను.