మందుతో పాటు గుప్పెడు బేడలు

ఒక ఇంటి మాట

ఒక ఇల్లు అనుకుందాం. బి.కొత్తకోట దగ్గర ఒక పల్లె. వాకిట్లో నిలబడితే హార్సిలీ కొండ కనిపిస్తుంది. మన పెద్దవాళ్ళు దాన్ని ఏనుగు మల్లమ్మ కొండ అంటారు.

ఆ ఇంట్లో అత్త, మామ, కొడుకు, కోడలు, ఎనిమిది నెలల పాప ఉన్నారు. కోడలు టమోటా తోటల్లో కూలికి పోతుంది. నెల రోజులుగా ఆమెకు దగ్గు. సాయంత్రమైతే జ్వరం. రాత్రిళ్ళు చెమటలు. ఒళ్ళు చిక్కి, జాకెట్లు వదులైపోయాయి. ఎండదెబ్బ అన్నారు కొందరు. దిష్టి అన్నారు ఇంకొందరు.

ఊళ్ళోని ఆశా కార్యకర్త వచ్చి చూసింది. కోడలిని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ తెమడ పరీక్ష చేశారు. టి.బి. అని తేలింది.

ఆ రోజే కోడలి తట్ట, చెంబు వేరైపోయాయి. ఆమె పడక పశువుల కొట్టంలోకి మారింది. పాపను తల్లి దగ్గరకు పోనివ్వలేదు.

"దీన్ని పుట్టింటికి పంపించేద్దాం రా. నయమైతే తీసుకొద్దాం. లేకుంటే పాపన్నా బతుకుతుంది గదా" అంది అత్త కొడుకుతో.

కొడుకు ఏమీ మాట్లాడలేదు. కోడలు కొట్టంలో కూర్చుని ఏడ్చింది.

మరుసటి రోజు ఆశా కార్యకర్త మళ్ళీ వచ్చింది. మందులు ఇచ్చి, ఎట్లా వేసుకోవాలో చెప్పింది. తర్వాత అత్త పక్కన అరుగు మీద కూర్చుంది.

"పెద్దమ్మా, ఒక మాట అడుగుతా. మీ ఇంట్లో ఆఖరున తినేది ఎవరు?"

"ఇదేం ప్రశ్నమ్మా? మగోళ్ళు తిన్నాక నేనూ, కోడలూ తింటాం. యాడైనా అంతే గదా!"

"అప్పటికి చట్టిలో ఏం మిగులుతుంది?"

అత్త కాసేపు ఆలోచించింది. "సంగటి ఉంటుంది. బేడలు మిగలవు. పప్పునీళ్ళు ఉంటాయి."

"ఈ జబ్బు కథ సగం అక్కడే ఉంది పెద్దమ్మా" అంది ఆశా కార్యకర్త.

ఆమె ఎందుకు అట్లా అంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

టి.బి. ఎట్లా వస్తుంది?

టి.బి.ని క్షయ అని కూడా అంటారు. ఇది శాపం కాదు. దిష్టి కాదు. చేసిన పాపం కాదు. ఇది ఒక క్రిమి వల్ల వచ్చే జబ్బు. 1882లో జర్మనీ దేశపు డాక్టరు రాబర్ట్ కాక్ ఈ క్రిమిని కనిపెట్టాడు.

ఊపిరితిత్తుల టి.బి. ఉన్నవాళ్ళు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు క్రిములు గాలిలోకి వస్తాయి. ఆ గాలి పీల్చిన వాళ్ళలోకి పోతాయి. తట్టలు, చెంబులు, బట్టల వల్ల ఈ జబ్బు అంటదు. చెయ్యి పట్టుకుంటే అంటదు.

క్రిమి లోపలికి పోయిన వాళ్ళందరికీ జబ్బు రాదు. నూరు మందిలో ఐదు నుండి పది మందికి మాత్రమే ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మిగతా వాళ్ళలో క్రిమి నివురు కప్పిన నిప్పులా అణిగి ఉంటుంది. దాన్ని అణిచి ఉంచేది మన ఒంట్లోని బలం. తిండి చాలక ఒళ్ళు చిక్కితే ఆ బలం తగ్గుతుంది. షుగరు జబ్బు, హెచ్.ఐ.వి., తాగుడు, పొగ కూడా బలాన్ని తగ్గిస్తాయి. అప్పుడు నివురు చెదిరి నిప్పు రాజుకుంటుంది.

ఆరోగ్యవరం నేర్పిన పాఠం

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది. మన పెద్దవాళ్ళు దాన్ని శానిటోరియం అంటారు. టి.బి. రోగుల కోసం కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి ఆ ఆసుపత్రిని పెట్టాయి. 1915 నుండి అక్కడ రోగులను చేర్చుకున్నారు. డెన్మార్క్ దేశం నుండి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని నడిపాడు. ఎక్కడెక్కడి నుండో రోగులు అక్కడికి వచ్చేవారు.

ఆ రోజుల్లో టి.బి.కి మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, మంచి తిండి - ఇవే వైద్యం. రోగులు నెలల తరబడి ఇల్లు వదిలి ఉండేవారు. కొందరు బాగై ఇంటికి పోయారు. చాలామంది బతకలేదు. తిండి బలం ఇస్తుంది, కానీ తిండి ఒక్కటే క్రిమిని చంపలేదు.

మదనపల్లె డాక్టర్లు ఆసుపత్రిలోనే కూర్చోలేదు. 1948లో మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఈ టీకా చిన్నపిల్లలను ప్రాణం తీసే టి.బి. నుండి కాపాడుతుంది. ఈ రోజు బిడ్డ పుట్టగానే వేసే టీకా ఇదే. 1950 నుండి 1955 వరకు మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో టి.బి. ఎంత మందికి ఉందో పరీక్షలు చేసి చూశారు. ఆ లెక్కలను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పత్రికలో అచ్చు వేసింది. మన పల్లెవాళ్ళు చేతులు చాపి, ఛాతీ చూపించి ఇచ్చిన వివరాలు ప్రపంచానికి ఉపయోగపడ్డాయి.

ఇంట్లోనే నయమవుతుంది

1943లో స్ట్రెప్టోమైసిన్ అనే మందు కనిపెట్టారు. తర్వాత మరికొన్ని మంచి మందులు వచ్చాయి. అప్పుడు ఒక కొత్త ప్రశ్న పుట్టింది. మందులు ఉన్నప్పుడు రోగి ఇల్లు వదిలి పోవాలా?

దీన్ని తేల్చడానికి 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టారు. డాక్టర్ వాలెస్ ఫాక్స్ దాన్ని నడిపాడు. 193 మంది పేద రోగులను తీసుకున్నారు. కొందరిని శానిటోరియంలో ఉంచారు. మిగతావారిని ఇంట్లోనే ఉంచి మందులు ఇచ్చారు. ఆ ఇళ్ళు ఇరుకు. తిండి కూడా అంతంతమాత్రం. ఆరోగ్య సిబ్బంది ఇళ్ళకు పోయి మందులు వేసుకుంటున్నారో లేదో చూశారు.

1959లో ఫలితం చెప్పారు. రెండు చోట్లా రోగులు దాదాపు ఒకేలా బాగయ్యారు. ఇంకో మంచి మాట కూడా తేలింది. రోగి ఇంట్లో ఉండి మందులు తీసుకోవడం వల్ల ఇంట్లోవాళ్ళకు జబ్బు ఎక్కువ కాలేదు. మందులు మొదలుపెట్టాక క్రిములు త్వరగా తగ్గిపోతాయి. ఇంటివాళ్ళకు అంటేది ఉంటే, చాలావరకు మందులకు ముందే అంటి ఉంటుంది.

అంటే కోడలిని పుట్టింటికి తరిమినందువల్ల ఎవరికీ మేలు లేదు. అక్కడ ఆమె మందులు మానేస్తే అందరికీ కీడే.

జార్ఖండ్‌లో ఏం చేశారు?

మందులు వచ్చాక తిండి మాట వెనక్కి పోయింది. కానీ ఇంకో ప్రశ్న మిగిలింది. రోగికి మందు ఇస్తున్నాం. మరి అదే ఇంట్లో ఉన్న మిగతావాళ్ళ సంగతేమిటి? వాళ్ళు కడుపునిండా తింటే జబ్బు రాకుండా ఆగుతుందా?

మంగళూరులోని యేనెపోయ విశ్వవిద్యాలయం మెడికల్ కాలేజీలో పనిచేసే డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ ఈ ప్రశ్న వేసుకున్నారు. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ వాళ్ళు కూడా కలిశారు. 2019 ఆగస్టులో జార్ఖండ్ రాష్ట్రంలోని నాలుగు జిల్లాల్లో పని మొదలుపెట్టారు. ఈ పరిశోధనకు "రేషన్స్" అని పేరు పెట్టారు.

రైతు కొత్త ఎరువును ఎట్లా పరీక్షిస్తాడు? రెండు మడులు తీసుకుంటాడు. రెండింటిలో ఒకటే విత్తనం వేస్తాడు. ఒక మడికి ఎరువు వేస్తాడు. ఇంకో మడికి వేయడు. పంట వచ్చాక పోల్చి చూస్తాడు. వీళ్ళూ అట్లాగే చేశారు.

2,800 మంది రోగులు. వాళ్ళ ఇళ్ళలో ఉన్నవాళ్ళు 10,345 మంది. రోగులందరికీ మందులు ఇచ్చారు. రోగులందరికీ నెలనెలా తిండి సరుకులు కూడా ఇచ్చారు. తేడా ఇంటివాళ్ళ దగ్గరే. ఏ ఊళ్ళలో ఇంటివాళ్ళకు కూడా సరుకులు ఇవ్వాలో చీటీలు వేసినట్టు తేల్చారు. ఆ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యం, ఒకటిన్నర కిలో కందిబేడలు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. చిన్నపిల్లలకు అందులో సగం. 2022 జూలై వరకు అందరినీ కనిపెట్టి చూశారు.

2023 ఆగస్టులో ఫలితం లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

తిండి అందని ఇళ్ళలో వంద మందికి కొత్తగా టి.బి. వచ్చిందనుకోండి. తిండి అందిన ఇళ్ళలో, అంతే జనంలో, సుమారు 61 మందికే వచ్చింది. అంటే వందకు 39 మంది తప్పించుకున్నారు. ఇతరులకు అంటే రకం టి.బి. అయితే దాదాపు సగానికి తగ్గింది. 30 ఇళ్ళకు తిండి ఇస్తే ఒకరికి జబ్బు రాకుండా ఆపవచ్చని లెక్క తేలింది.

ఇది కొత్త టీకా కాదు. కొత్త మందు కాదు. బియ్యం, బేడలు!

రోగుల గురించి కూడా ఒక మాట తెలిసింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన వాళ్ళు ఎక్కువగా బతికారు. బరువు నూటికి ఐదు పాళ్ళు పెరిగిన వాళ్ళలో, పెరగని వాళ్ళ కంటే, చావు ప్రమాదం నూటికి 60 పాళ్ళు తక్కువగా కనిపించింది. కాబట్టి ఆసుపత్రికి పోయిన ప్రతిసారీ బరువు చూపించుకోవాలి. ఆ అంకెను చీటీలో రాసుకోవాలి. చదువు నేర్చుకున్న మనకు ఇది కష్టం కాదు.

మన వంటింట్లో ఏముంది?

బలమైన తిండి అంటే డబ్బాల్లో అమ్మే పొడి కాదు. మన రాగి సంగటి బలమే. దానికి తోడు కందిబేడలు, ఉలవలు, అలసందలు, అనపగింజలు ఉండాలి. చెనిక్కాయలు, ఆకుకూరలు, పాలు, గుడ్లు మంచివి. వీలున్నప్పుడు చేపలు, మాంసం తినాలి.

టి.బి. రోగుల తిండి కోసం ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చింది. 2024 నవంబరు నుండి దాన్ని 1,000 రూపాయలు చేసింది. మందులు తీసుకున్నంత కాలం ఈ డబ్బు రోగి బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇది అప్పు తీర్చడానికి కాదు. సారాయికి కాదు. రోగి తిండికి.

గుర్తుంచుకుందాం

1. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి. జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం కూడా గుర్తులే.

2. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం.

3. మామూలు టి.బి.కి ఆరు నెలలు మందులు వేసుకోవాలి. రెండు నెలలకే ఒళ్ళు తేలికవుతుంది. అయినా మానకూడదు. మధ్యలో మానితే క్రిమి మొండిదవుతుంది. అప్పుడు ఆ మందులు పనిచేయవు.

4. మందుల వల్ల మూత్రం ఎర్రగా రావచ్చు. భయం లేదు. కళ్ళు పచ్చబడితే, వాంతులు ఆగకపోతే వెంటనే డాక్టరుకు చూపాలి.

5. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. ఇంట్లో కిటికీలు తెరిచి ఉంచాలి.

6. మందులు తీసుకునే తల్లి బిడ్డకు పాలు ఇవ్వవచ్చు. ముక్కూ నోరూ కప్పుకుని ఇవ్వాలి.

7. ఇంట్లో అందరూ, ముఖ్యంగా పిల్లలు, పరీక్ష చేయించుకోవాలి. జబ్బు రాకుండా ముందుగా వేసుకునే మందులు కూడా ఉన్నాయి. డాక్టరును అడగాలి.

మళ్ళీ ఆ ఇంటికి పోదాం

ఆశా కార్యకర్త ఇవన్నీ చెప్పింది. అత్త విన్నది. కానీ వెంటనే ఒప్పుకోలేదు.

"కోడలికి పెట్టమంటావు, సరే. నా సంగతేంది? నేనూ ఆఖరునే గదా తినేది" అంది.

"అదే చెప్తున్నా పెద్దమ్మా. నువ్వూ చిక్కిపోయినావు. రేపు నువ్వూ పరీక్షకు రా."

అత్త ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లవారి కోడలి పడకను తనే ఇంట్లోకి తెచ్చింది. కిటికీ దగ్గర వేసింది. పాపను తెచ్చి తల్లి ఒడిలో పెట్టింది. వేరుగా పెట్టిన తట్టను కడిగి, అందరి తట్టలతో కలిపింది.

పొద్దున సంగటి చేసింది. పప్పు గట్టిగా చేసింది. కొడుకును పిలిచి, "ఇంక మీద అందరం ఒకేసారి కూర్చుందాం రా. ఉన్నది అందరికీ సమానం" అంది. మామ కొంచెం గొణిగాడు. తర్వాత జరిగి చోటు ఇచ్చాడు.

మొదటి రోజు కోడలి బరువు 38 కిలోలు. రెండు నెలలకు 40 కిలోలు అయింది. చీటీలో ఆ అంకె ఆమే రాసుకుంది.

లెక్క చేద్దాం

1. ఒక మనిషికి నెలకు ఒకటిన్నర కిలో బేడలు. అంటే 1,500 గ్రాములు. నెలకు 30 రోజులు. రోజుకు ఎన్ని గ్రాములు?
(జవాబు: 50 గ్రాములు. సుమారు గుప్పెడు.)

2. మీ ఇంట్లో ఎంత మంది? అందరికీ రోజుకు గుప్పెడు వేస్తే, నెలకు ఎన్ని కిలోల బేడలు కావాలి?

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో ఆఖరున తినేది ఎవరు? ఎందుకు?

2. టి.బి. వచ్చిన ఆడదాన్ని పుట్టింటికి పంపితే, ఆమె మందులు ఎవరు చూస్తారు?

3. మీ పొదుపు సంఘంలో ఎవరి ఇంట్లోనైనా టి.బి. ఉంటే, ఆ ఇంటికి మీరంతా కలిసి ఏం చేయగలరు?