గ్యాసు పొయ్యి యందు గాలి చేయు పని

నిప్పు మండుటకు ఇంధన మొక్కటియే చాలదు, గాలియును కావలయును. ఈ సంగతిని మన తల్లులు శాస్త్రగ్రంథములు చదువకయే యెరుగుదురు. సరుగుడు కట్టెల పొయ్యి పొగ చిమ్మునప్పుడు వారు మరియొక కట్టె వేయరు. ఊదుగొట్టము తీసి యూదుదురు. అంతట పొగ మంటగా మారును.

బిట్రగుంటవారికి మరియొక సాక్ష్యము కూడ కలదు. ఆవిరి యింజనుల కాలమున ఈ యూరు తన లోకోషెడ్డు వలన ప్రసిద్ధి చెందినది. ఆ యింజనులపై ఫైర్‌మన్ పని బొగ్గు వేయుట మాత్రమే కాదు. అడుగున నున్న డాంపరు తలుపుల గుండ కొంత గాలిని, బొగ్గు వేయు తలుపు గుండ పైనుండి మరికొంత గాలిని తగుమాత్రముగ రానిచ్చుటయు నతని పనియే. పొగగొట్టమునుండి నల్లని పొగ దట్టముగ వెలువడినచో, బొగ్గులోని కొంత భాగము కాలకయే వ్యర్థమగుచున్నదని గ్రహింపవలయును. గాలి మితిమీరినను నష్టమే. అది వేడిమిని తనతో గొనిపోవును.

ఆ యింజనులు గతించినవి గాని, ఆ సూత్రము గతింపలేదు. అదియే నేడు మన వంటయింటి గ్యాసు పొయ్యిలో పనిచేయుచున్నది. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపం పథకమును, 2016లో కేంద్ర ప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ఆరంభించిన పిదప ఈ పొయ్యి బీదల యిండ్లకును విశేషముగ చేరినది. కావున దాని బర్నరు నిర్మాణమును అందరును తెలిసికొనుట మేలని తలంచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. గాలి యెంత కావలయును?

సిలిండరులో నుండునది ముఖ్యముగా ప్రొపేను, బ్యూటేను అను వాయువుల మిశ్రమము. ఒత్తిడిచే ద్రవమై యుండి, వెలికి వచ్చునప్పుడు మరల వాయురూపము దాల్చును. ఒక పాలు ప్రొపేను పూర్తిగ కాలుటకు 5 పాళ్ల ప్రాణవాయువు కావలయును. గాలిలో ప్రాణవాయువు నూటికి 21 వంతులు మాత్రమే. 5ను 0.21చే భాగించినచో సుమారు 24 వచ్చును. అనగా ఒక చెంబెడు ప్రొపేనునకు 24 చెంబుల గాలి యన్నమాట. బ్యూటేనునకు ఆరున్నర పాళ్ల ప్రాణవాయువు, అనగా సుమారు 31 పాళ్ల గాలి యవసరము. పేరునకు అది గ్యాసు పొయ్యియే గాని, అందు ఖర్చగు దానిలో గాలియే మిక్కిలి హెచ్చు!

2. బున్సెను చేసిన మేలు

పూర్వము గ్యాసును గొట్టము కొన వెలిగించెడివారు. గాలి వెలుపలినుండి మాత్రమే తగులుటచే మంట పసుపుపచ్చగ నుండి మసి పట్టించెడిది. 1855 ప్రాంతమున జర్మనీదేశపు హైడెల్‌బర్గు విశ్వవిద్యాలయమున రాబర్టు బున్సెను అను రసాయన శాస్త్రజ్ఞుడు, పీటరు డెసాగా అను పరికరములు చేయువాని సాయముతో, గ్యాసును మండుటకు ముందే గాలితో కలుపు దీపమును సిద్ధపరచెను. దాని మంట నీలమై, మసి లేనిదై, మిక్కిలి వేడిగలదై యుండెను. బున్సెను దానికి పేటెంటు పుచ్చుకొనలేదు. మన గ్యాసు పొయ్యి ఆ దీపమునకు సంతానమే.

3. బర్నరు నిర్మాణము

రెగ్యులేటరు దాటి వచ్చిన గ్యాసు, మిల్లీమీటరు కంటె సన్నని జెట్టు రంధ్రము గుండ సెకనుకు సుమారు 50 మీటర్ల వేగముతో దూసికొని వచ్చును. వేగముగ పోవు ప్రవాహము చుట్టునున్న గాలిని తనతో నీడ్చుకొని పోవును. అందుచే విసనకఱ్ఱ గాని, విద్యుత్తు గాని లేకయే గాలి లోనికి ప్రవేశించును. దీనిని మొదటి గాలి యందుము. కావలసిన గాలిలో సుమారు సగము ఈ విధముగ వచ్చును. ఈ రెండును కలియుటకై జెట్టు ముందర ఒక గొట్టము అమర్చబడును. అది పొట్టిదైనచో మిశ్రమము సరిగ కుదురదు. మిగిలిన గాలి మంటల చుట్టునుండి వచ్చును. ఇది రెండవ గాలి. ఇంజనులోని డాంపరును, బొగ్గు తలుపును ఇచట జ్ఞాపకము చేసికొనుడు.

బర్నరు తలపైనున్న రంధ్రములు మరీ దగ్గరైనచో మంటలు ఒకదానితో నొకటి కలిసిపోయి రెండవ గాలికి చోటుండదు; మరీ దూరమైనచో ఒక రంధ్రపు మంట ప్రక్కదానికి అంటుకొనదు. గిన్నె మిగుల క్రిందుగ నున్నచో మంట పూర్తిగ కాలకముందే చల్లని లోహమునకు తగిలి చెడును. మిగుల ఎత్తుగ నున్నచో వేడిమి ప్రక్కలకు పోవును. ఈ కొలతలన్నియు ఒకదానితో నొకటి సరిపోవునట్లు చేయుటయే బర్నరు నిర్మించువాని నేర్పు.

4. మంట నిలుచుట యెట్లు?

కాలువలో నీటికి ఎదురీదు చేపను చూచియుందురు. నీటి వేగమును చేప వేగమును సమానమైనచో చేప యున్నచోటనే నిలుచును. మంటయు నట్లే. మిశ్రమము పైకి వచ్చు వేగము మితిమీరినచో మంట రంధ్రమును వదలి పైకి లేచి ఆరిపోవును. వేగము మిక్కిలి తగ్గినచో మంట వెనుకకు పోయి బర్నరులోపల మండును. రంధ్రములు చిన్నవిగ నుండుటకు ఇదియు నొక కారణము. సన్నని రంధ్రపు లోహము వేడిమిని పీల్చి మంటను వెనుకకు పోనీయదు.

5. ధనమును ప్రాణమును

గృహోపయోగపు పొయ్యి వేడిమిలో నూటికి 68 వంతులకు తక్కువ గాకుండ గిన్నెకు చేరవలయునని భారత ప్రమాణము నిర్ణయించుచున్నది. గంజి పొంగి రంధ్రములు పూడి, ఆ 68 వంతులు 60కి దిగెననుకొందము. 14.2 కిలోల సిలిండరులో ఆ 8 వంతుల నష్టము 1.1 కిలోలకు పైగ నగును. బీద కుటుంబమునకు ఇది స్వల్పము కాదు.

ఇంతకంటె గొప్ప కీడు మరియొకటి కలదు. గాలి చాలని మంటనుండి కార్బను మొనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ప్రాణములు తీయగలదు. కావున వంటయింటి కిటికీ తెరచియే యుంచవలయును. మంట పచ్చబడి గిన్నెలకు మసి పట్టినచో, పొయ్యి చల్లారిన పిదప బర్నరు తలను తీసి కడిగి, ఆరబెట్టి, రంధ్రములను మెత్తని బ్రష్షుతో శుభ్రపరచవలయును. పెద్ద మంట కొరకు జెట్టును సూదితో పెద్దది చేయరాదు. అట్లు చేసినచో గ్యాసు హెచ్చును గాని గాలి దానికి సరిపడ హెచ్చదు. ఆ పనిని తెలిసిన మెకానికునకే వదలవలయును.

గ్యాసు కారిన వాసన తగిలినచో దీపముల స్విచ్చి ముట్టరాదు. ఈ వాయువు గాలికంటె బరువైనది గాన నేలనంటి నిలుచును. గాలిలో నూటికి 2 వంతులున్నను అంటుకొనగలదు. రెగ్యులేటరు కట్టి తలుపులు తెరువుడు.

అభ్యాసము

1. మీ యింటి పొయ్యి మంట యే రంగున నున్నదో చూచి, కారణము వ్రాయుడు.
2. ఒక పాలు మీథేను కాలుటకు 2 పాళ్ల ప్రాణవాయువు కావలయును. గాలి యెన్ని పాళ్లు కావలయును?
3. గొట్టపు మార్గమున వచ్చు సహజవాయువు ముఖ్యముగా మీథేనే. సిలిండరు పొయ్యిని దానికి వాడునప్పుడు జెట్టును ఏల మార్చవలయునో, పై లెక్కను బట్టి మీ తల్లిదండ్రులకు వివరింపుడు.