ఒక్క లాగిన్ వెనక

సర్వర్ గదుల్లో ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా సిస్టమ్ అడ్మిన్‌లుగా చేరే పిల్లలకు, అందరి లాగిన్‌లూ ఒకచోట ఉండే డైరెక్టరీ గురించి నేను చెప్పగలిగినవి ఇవి.

1. ఒకప్పుడు మా ఆఫీసులో ఫైల్ సర్వర్‌కు ఒక పాస్‌వర్డ్, మెయిల్‌కు ఇంకొకటి, అకౌంట్స్ ప్యాకేజీకి మరొకటి. మానిటర్ల అంచున చీటీలే చీటీలు. 2000లో విండోస్ 2000 సర్వర్‌తో యాక్టివ్ డైరెక్టరీ వచ్చాక ఒక్క లాగిన్‌తో అన్నీ తెరుచుకున్నాయి. తాళంచెవులన్నీ ఒకే గుత్తికి చేరాయి కాబట్టి, ఆ గుత్తి పట్టుకున్న మన బాధ్యతా అంత పెరిగింది.

2. ఫోల్డర్ హక్కులు మనిషి పేరు మీద ఇవ్వకండి, గ్రూపుకివ్వండి. అకౌంట్స్ నుంచి వేరే సెక్షన్‌కు మారిన ఒకాయనకు జీతాల ఫోల్డర్ ఏడు నెలలు తెరుచుకుంటూనే ఉంది. పేరు మీద ఇచ్చింది నేనే.

3. అకౌంటును డిలీట్ చేసే తొందర వద్దు. ఫలానా ఆవిడ మానేశారని ఫోనొస్తే వెంటనే తీసేశాను. ఆవిడ మానలేదు, ప్రసూతి సెలవులో ఉన్నారు. తిరిగొచ్చిన రోజు అదే పేరుతో అకౌంటు చేసిచ్చాను. ఒక్క ఫోల్డరూ తెరుచుకోలేదు. పేరు మన కోసం. సిస్టమ్ గుర్తుపట్టేది ఎస్‌ఐడీ అనే నంబరుని, అది కొత్త అకౌంటుకు కొత్తగా పుడుతుంది. పసిబిడ్డను ఇంట్లో వదిలొచ్చిన మనిషి రెండు రోజులు ఖాళీ స్క్రీన్ ముందు కూర్చున్నారు. డైరెక్టరీకి రీసైకిల్ బిన్ అప్పటికింకా లేదు. విండోస్ సర్వర్ 2008 ఆర్2తో వచ్చింది, అదీ మనం ఆన్ చేసుకుంటేనే. ముందు డిసేబుల్ చేయండి, మూణ్ణెల్లు ఆగండి.

4. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా లాగిన్ కావట్లేదంటే గడియారం చూడండి. లాగిన్‌ను సరిచూసే కెర్బెరోస్ మామూలుగా అయిదు నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయిన పాత పీసీలతో ఇది ఎన్నిసార్లు చూశానో.

5. డైరెక్టరీని నడిపే సర్వర్లు, అంటే డొమైన్ కంట్రోలర్లు, కనీసం రెండుండాలి. ఇందులో బేరం లేదు.

6. వైఫై, వీపీఎన్, హాజరు సాఫ్ట్‌వేర్ కూడా లాగిన్ సరైనదేనా అని ఎల్‌డాప్ అనే ప్రోటోకాల్ ద్వారా డైరెక్టరీనే అడుగుతాయి. 389 పోర్టులో రక్షణ పెట్టకపోతే పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వైరు మీద పోతుంది. 636 వాడండి.

7. నెలకోసారి హెచ్‌ఆర్ జాబితా పక్కన పెట్టుకుని పేరుపేరునా సరిచూడండి. అలా చూస్తుంటే, నాలుగు నెలల కిందట కాలం చేసిన మా స్టోర్స్ పెద్దాయన అకౌంటులో చివరి లాగిన్ నిన్నటి తేదీతో కనిపించింది. ఆయన పాస్‌వర్డ్ కౌంటర్లో ముగ్గురికి తెలుసట. సరుకు ఎంట్రీలన్నీ ఆయన పేరు మీదే పడుతున్నాయి. ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి, ఏది ఎవరు రాశారో తేల్చడానికి నాకు వారం పట్టింది.