విద్యార్థికి తగిన ల్యాప్‌టాపు పరిమాణము
తల్లిదండ్రులు గమనింపవలసిన విషయములు

పూర్వము బిడ్డను బడిలో వేయునాడు తండ్రి బజారునకు పోయి పలక కొనెడివాడు. పెద్ద పలకపై ఎక్కువ అక్షరములు పట్టును. అయినను ఐదేండ్ల బిడ్డ చంకలో ఇమిడిన పలకనే అతడు ఏరి తెచ్చెడివాడు. మోయలేని పలక ఇంటి మూలను పడియుండునని అతనికి తెలియును. నేడు ఆ పలక చోటికి ల్యాప్‌టాపు వచ్చినది. పదవ తరగతి ముగిసి పిల్లలు ప్లస్ టూలో చేరు వేళను, పై చదువునకై కొడల విడిచి బరంపురము పోవు వేళను, "ఎన్ని అంగుళములది కొనవలెను?" అని తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు సమాధానముగా ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. కాని మన గంజాం జిల్లాలో అనేక కుటుంబములవారు సూరతు నగరపు మరమగ్గముల వద్ద రేయింబవళ్ళు శ్రమించి పంపిన సొమ్ముతో పిల్లల చదువులు సాగుచున్నవి. అట్టి సొమ్ముతో కొన్న యంత్రము నాలుగైదేండ్లయినను పనికి రావలెను. జ్ఞాపకశక్తి చాలనిచో కొన్ని యంత్రములలో తరువాత పెంచుకొనవచ్చును. బ్యాటరీ చెడినచో మార్చుకొనవచ్చును. పరిమాణము మాత్రము కొన్ననాడు ఎంతయో కడవరకు అంతయే. కావున కొనుటకు ముందే ఆలోచింపవలెను.

అంగుళముల లెక్క

దుకాణదారు "పదునాలుగు అంగుళములు" అని చెప్పునది తెర వెడల్పు కాదు, ఎత్తును కాదు. ఒక మూలనుండి ఎదుటి మూలకు గల కొలత, అనగా దీర్ఘచతురస్రపు కర్ణము. మన పిల్లలు క్షేత్రగణితమున నేర్చిన పైథాగరస్ సిద్ధాంతమును ఇచ్చట ప్రయోగింపవచ్చును. వెడల్పు 16 పాళ్ళు, ఎత్తు 9 పాళ్ళు గల తెరలకు లెక్క ఇట్లు వచ్చును:

11.6 అంగుళముల తెర: వెడల్పు 10.1 అంగుళములు, ఎత్తు 5.7 అంగుళములు.
14 అంగుళముల తెర: వెడల్పు 12.2 అంగుళములు, ఎత్తు 6.9 అంగుళములు.
15.6 అంగుళముల తెర: వెడల్పు 13.6 అంగుళములు, ఎత్తు 7.6 అంగుళములు.

దీనినిబట్టి 14 అంగుళముల తెరకన్న 15.6 అంగుళముల తెర ఎత్తులో ముప్పాతిక అంగుళము మాత్రమే హెచ్చు. పాఠము పైనుండి క్రిందికి చదువుదుము గనుక విద్యార్థికి వెడల్పుకన్న ఎత్తే ముఖ్యము. ఇపుడు 16 కి 10 పాళ్ళ తెరలు కూడ దొరకుచున్నవి. అట్టి 14 అంగుళముల తెర 7.4 అంగుళముల ఎత్తుండును. అనగా సామాన్యమైన 15.6 అంగుళముల తెరకు ఎత్తులో ఇంచుమించు సమానము. ఈ భేదము పెట్టెపై పెద్ద అక్షరములతో వ్రాసియుండదు, అడిగి తెలిసికొనవలెను.

వీపుపై బరువు

వెంట మోసికొని పోదగిన కంప్యూటరు అను మాటకు అర్థము కాలముతో మారినది. 1981లో అమెరికాలో వెలువడిన ఆస్‌బోర్న్ యంత్రమును వెంట తీసికొని పోదగినదనిరి. దాని బరువు సుమారు 11 కిలోలు. తెర 5 అంగుళములే. అంతకు ముందే, 1972లో, అలన్ కే అను శాస్త్రజ్ఞుడు పిల్లలకొరకు ఒక కంప్యూటరును ఊహించి, అది నోటు పుస్తకముకన్న పెద్దది కారాదనియు, నాలుగు పౌనులకు, అనగా సుమారు 1.8 కిలోలకు లోబడి యుండవలెననియు వ్రాసెను. ఏబదియేండ్లు గడచినను ఆ కొలత నేటికిని మంచి కొలతయే.

నేడు 11.6 అంగుళముల యంత్రములు సాధారణముగా కిలోకు కొంచెము పైబడి తూగును. 14 అంగుళములవి సుమారు కిలోన్నర, 15.6 అంగుళములవి 1.7 నుండి 2 కిలోల వరకు ఉండును. ఆటలకై చేసినవి రెండు కిలోలు దాటును. ఛార్జరు బరువు దీనికి అదనము.

కేంద్ర విద్యాశాఖవారి 2020 నాటి బడిసంచి విధానము ప్రకారము సంచి బరువు విద్యార్థి దేహభారములో పదవ వంతును మించరాదు. ఆరు, ఏడు తరగతులకు 2 నుండి 3 కిలోలు; తొమ్మిది, పది తరగతులకు 2.5 నుండి 4.5 కిలోలు, ప్లస్ టూ తరగతులకు 3.5 నుండి 5 కిలోలు అని అందు నిర్ణయించిరి. ఛార్జరుతో కూడ రెండు కిలోలకు పైబడిన యంత్రమును ఏడవ తరగతి పిల్లవాని సంచిలో పెట్టినచో పుస్తకములకు, అన్నపు డబ్బాకు, నీళ్ళ సీసాకు కిలో అయినను మిగులదు. ప్లస్ టూ విద్యార్థికి సహితము దాదాపు సగము సంచి నిండినట్లే. బస్సులో నిలుచుండి ప్రయాణము చేయు పిల్లలకు ఈ బరువు నిత్యము అనుభవమునకు వచ్చును. కొన్నాళ్ళకు యంత్రము ఇంటనే ఉండిపోవును. కాలేజీలో బిడ్డ మరల చేతిఫోనునే ఆశ్రయించును.

మన లిపికి చాలిన తెర

అట్లయిన మిక్కిలి చిన్నది కొనిన చాలదా? చాలదు. కారణము మన లిపియందే కలదు.

ఆంగ్లాక్షరములు ఒక వరుసలో ఒదిగి కూర్చుండును. తెలుగులో తలకట్టు, గుడి, ఏత్వము పైకి పోవును. ఒత్తులు క్రిందికి దిగును. "రాష్ట్రము", "శాస్త్రము" అను మాటలలో ఒక హల్లునకు రెండు ఒత్తులు చేరినవి. ద–ధ, ప–ఫ, డ–ఢ జంటలలో భేదమంతయు ఒక్క చిన్న గీతలోనే ఉన్నది. ఒడియా సంయుక్తాక్షరములును ఇట్లే చిక్కనివి. అక్షరము చిన్నదైనను, మసకబారినను, ఆంగ్లము చదువు పిల్లవాడు ఎట్లో నెట్టుకొని పోవును; తెలుగు చదువు పిల్లవాడు తడబడును.

ఇచ్చట పరిమాణమొక్కటే చూచుట పొరపాటు. తెర అంతయు పిక్సెళ్ళను సూక్ష్మమైన చుక్కల కూర్పు. కొన్ని చౌక యంత్రములలో తెర 15.6 అంగుళములుండినను చుక్కలు అడ్డముగా 1366, నిలువుగా 768 మాత్రమే. లెక్కించినచో అంగుళమునకు సుమారు 100 చుక్కలు. 1920, 1080 చుక్కలు గల 14 అంగుళముల తెరలో అంగుళమునకు సుమారు 157 చుక్కలు వచ్చును. నూలు పోగులు దగ్గరగా పడిన కొలది నేత ఎట్లు నాణ్యమగునో, చుక్కలు చిక్కబడిన కొలది ఒత్తులు అట్లు తేటపడును. పెద్ద మసక తెరకన్న, మధ్యరకపు తేట తెర మన పిల్లలకు మేలు.

ఈ విషయమున మేము పట్టుదల చూపుటకు కారణము కలదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు మన గంజాం ప్రాంతము మద్రాసు రాజధానినుండి విడివడి అందు చేరెను. నాటినుండి మన బిడ్డలు ఇంట తెలుగు, వీథిలో ఒడియా, పై చదువున ఆంగ్లము నేర్చుచు పెరుగుచున్నారు. రాజ్యాంగపు 30వ అధికరణము భాషా అల్పసంఖ్యాకులకు పాఠశాలలు నెలకొల్పి నడుపుకొను హక్కు నిచ్చినది. 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని రాష్ట్రములకు విధించినది. హక్కు పాఠశాలను నిలుపగలదు గాని, చేతికి వ్రాతను అలవాటు చేయజాలదు. తెలుగు సరిగా కనబడని యంత్రము, తెలుగు వ్రాయుటకు తోచని యంత్రము ఇంటికి వచ్చినచో బిడ్డ తెలుగు మాటను ఆంగ్లాక్షరములలో వ్రాయుటకు మరగును. కొన్నియేండ్లకు అక్షరమే మరచును.

మీటలు

చేతి వ్రేళ్ళకు తగిన మీటల మధ్య దూరము సుమారు 19 మిల్లీమీటర్లు. 13, 14 అంగుళముల యంత్రములలో ఈ దూరము సాధారణముగా లభించును. అంతకు చిన్నవానిలో కొన్నిటియందు మీటలు ఇరుకుగానుండును. 15.6 అంగుళములవానిలో తరచుగా కుడిప్రక్క అంకెల మీటలు వేరుగా ఉండును. లెక్కల పట్టికలు వ్రాయు కామర్సు విద్యార్థికి అవి సౌకర్యము. తక్కినవారికి అంతగా అవసరము లేదు.

మన పిల్లలకు ఒక శుభవార్త కలదు. భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో ఆమోదించిన ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరికలో భారతీయ లిపులన్నిటికి ఒకే క్రమము. తెలుగు "క" ఏ మీటపై ఉన్నదో ఒడియా "క", హిందీ "క" కూడ ఆ మీటపైనే ఉండును. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులలో అధికభాగము కుడిచేతి వైపు అమర్చబడినవి. తెలుగులో ఒకసారి నేర్చిన వ్రేళ్ళు ఒడియాలోను నడచును. విండోసు మొదలైన వ్యవస్థలలో ఈ అమరిక లోపలనే యున్నది, వేరుగా కొననక్కరలేదు.

విద్యుత్తు

తెర పెద్దదైన కొలది దానిని వెలిగించుటకు విద్యుత్తు ఎక్కువ కావలెను. 45 వాట్-గంటల బ్యాటరీగల యంత్రము సగటున 9 వాట్లు వాడినచో ఐదు గంటలు నడచును. 15 వాట్లు వాడినచో మూడు గంటలే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటిన పిమ్మట మన జిల్లాలో దీపములు లేక గడిపిన రాత్రులు పెద్దలకు జ్ఞాపకముండును. తుపాను లేకున్నను, వేసవిలో విద్యుత్తు పోవుట మనకు క్రొత్త కాదు. 14 అంగుళముల సామాన్య యంత్రములకు 45 లేక 65 వాట్ల ఛార్జరు చాలును. ఆటల యంత్రములకు 150 వాట్లు దాటిన ఛార్జరులు ఉండుట కలదు. ఇంటి ఇన్వర్టరుపై అది భారము.

ఎవరికి ఏది?

ఎనిమిదవ తరగతి వరకు బిడ్డకు సొంత యంత్రము అవసరము లేదని మా అభిప్రాయము. ఇంటిల్లిపాదికి ఒకటి, కూర్చుండు గదిలో, పెద్దల కన్నుల ఎదుట ఉండిన చాలును. అది సంచిలోనికి ఎక్కదు గనుక 15.6 అంగుళములదైనను దోషము లేదు.

తొమ్మిదవ తరగతినుండి డిగ్రీ వరకు, నిత్యము మోయు విద్యార్థికి 14 అంగుళములది ఉత్తమము. చేతిలో సొమ్ము తక్కువయై, వ్రాతపని, పాఠములు చూచుట మాత్రమే యున్నచో 11.6 అంగుళములది సర్దుకొనవచ్చును. కాని చౌకయైన చిన్న యంత్రములలో జ్ఞాపకశక్తి 4 జీబీయే యుండి, పెంచుటకు వీలులేని సందర్భములు కలవు. 8 జీబీ ఉన్నదే కొనుట మంచిది. ఇంజనీరింగు చిత్రములు గీయువారు, చలనచిత్రములు కూర్చువారు హాస్టలు గదిలో బల్లపై నుంచి పనిచేయుదురు గనుక వారికి 15.6 అంగుళములది తగును.

ఒక విషయము మరువరాదు. చిన్న యంత్రమును ఇంట పెద్దది చేసికొనవచ్చును. హెచ్.డి.ఎం.ఐ. తీగతో ఇంటి టీవీకి తగిలించినచో అదే పాఠము గోడంత కనబడును. పెద్ద యంత్రమును బస్సులో చిన్నది చేయు ఉపాయము మాత్రము ఎవరికిని తెలియదు.

దుకాణమున చేయవలసిన పరీక్ష

కొనుటకు ముందు తల్లిదండ్రులు బిడ్డను, బిడ్డ సంచిని వెంట తీసికొని పోవలెను.

1. నిత్యము మోయు పుస్తకములతో సంచిని కిరాణా కొట్టు త్రాసుపై ముందుగా తూచుకొనుడు. దానికి యంత్రము, ఛార్జరు బరువులు కలిపి చూడుడు.
2. 14 అంగుళముల యంత్రము ఏ4 కాగితమును అడ్డముగా పరచినదానికన్న కొంచెము పెద్దది. సంచిలో పట్టునో లేదో పెట్టి చూడుడు.
3. తెరపై ఒక తెలుగు పుట తెరచి, మూరెడు దూరమునుండి "శాస్త్రము", "విద్యార్థి", "ఉచ్ఛ్వాసము" అను మాటలను బిడ్డచే చదివింపుడు. పిమ్మట ఒక ఒడియా పుటను తెరపింపుడు.
4. తెలుగు అమరికను పెట్టించి బిడ్డ తన పేరును తెలుగులో వ్రాయువరకు ఆగుడు.
5. చుక్కల సంఖ్య, జ్ఞాపకశక్తి, బ్యాటరీ వాట్-గంటలు అడిగి కాగితముపై వ్రాసికొనుడు.

ఇంటికి తెచ్చిన తరువాత ఇరువది నిమిషములకు ఒకసారి కన్నులెత్తి దూరము చూచు అలవాటు చేయింపుడు. ఏ పరిమాణపు తెరకైనను ఇది అవసరము.

తుదిమాట

పొరుగింటివారు ఎంత పెద్దది కొనిరో చూచి కొనుట మనకు తగదు. బిడ్డ భుజము మోయగలిగినదై, బిడ్డ కన్ను మన అక్షరమును తేటగా చదువగలిగినదై యుండవలెను. ఈ రెండు షరతులును తీరిన యంత్రము సామాన్యముగా 14 అంగుళముల దగ్గర దొరకును. దానిపై బిడ్డ వ్రాయు మొదటి ఉత్తరము, సూరతులోనున్న తండ్రికో, ఊరిలోనున్న తాతగారికో, తెలుగులో వ్రాయబడవలెనని మా కోరిక.