ధమ్మ పాఠం: గుంటుపల్లి కొండ మీద ఒక రోజు





కంబోడియాలోని అంకోర్ గుళ్లు చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వెళ్తారు. ఒక గైడ్ వెంట తెల్లారుజామునే బయలుదేరి, సాయంత్రానికి నాలుగైదు గుళ్లు చూసి వస్తారు. అంత దూరం మనలో ఎంతమంది వెళ్లగలం? కానీ పెదపాడు నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే దూరంలో, కామవరపుకోట మండలంలో, గుంటుపల్లి ఉంది. అంకోర్ వాట్ 12వ శతాబ్దపు కట్టడం. గుంటుపల్లిలోని పాత గుహలు క్రీస్తు పూర్వం నాటివి. ఒక పౌర్ణమి నాడో ఆదివారమో పది మంది కలిసి బయలుదేరండి. ఈ పాఠాన్ని ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వినండి.

బయలుదేరే ముందు

త్రిశరణం, పంచశీల చెప్పుకోండి. మంచినీళ్లు, భోజనం తీసుకెళ్లండి. ఖాళీ సీసాలు, విస్తళ్లు వెనక్కి తెచ్చుకోవడానికి ఒక సంచీ పెట్టుకోండి.

మొదటి మజిలీ: పెదవేగి

ఏలూరు దాటాక వచ్చే పెదవేగి ఒకప్పటి వేంగి రాజధాని. 7వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన భిక్షువు హ్యూయాన్‌త్సాంగ్ ఈ ప్రాంతం గురించి రాశాడు. రాజధానికి దగ్గర్లో ఒంటరి కొండ మీద స్తూపం ఉందనీ, అక్కడే దిఙ్నాగుడు తర్కశాస్త్రం రాశాడనీ చెప్పాడు. ప్రశ్నించడం, తర్కించడం మనకు బయటి నుంచి వచ్చిన విద్య కాదని గుర్తు పెట్టుకోండి.

రెండో మజిలీ: గుంటుపల్లి

మెట్లెక్కి పైకి వెళ్తే కొండను తొలిచిన విహారాలు కనిపిస్తాయి. భిక్షువుల గదులు ఎంత చిన్నవో లోపల కూర్చుని చూడండి. వర్షావాసంలో ఉండటానికి, ధ్యానం చేయడానికి అంతకన్నా చోటు అక్కర్లేదు.

తర్వాత గుండ్రటి చైత్యంలోకి వెళ్లి తలెత్తి చూడండి. మన చుట్టుగుడిసె కప్పుకు వాసాలు ఎలా ఉంటాయో, రాతిలో అచ్చం అలాగే చెక్కారు. రాజులు ఎక్కిన కొండ మీద కూడా శిల్పి కళ్లకు కట్టినది గుడిసే!

ఇక్కడి శాసనాల్లో ఒకటి మహామేఘవాహన వంశపు రాజు సిరిసదుడి కాలం నాటిది. మండపం దానం చేసింది మాత్రం రాజు కాదు, ఆయన దగ్గర రాతకోతలు చూసే చులగోముడనే లేఖకుడు. ఉద్యోగం చేసుకునే మనిషి ఇచ్చిన దానం రెండు వేల ఏళ్లు నిలిచింది.

పేరు మారింది

గుండ్రటి చైత్యంలోని స్తూపాన్ని చుట్టుపక్కల జనం ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. అది చూసి మనలో కొందరికి కోపం వస్తుంది. ఆగండి. అంకోర్ వైపు ఒకసారి చూద్దాం.

1181లో రాజైన ఏడో జయవర్మ బౌద్ధుడు. ఆయన కట్టించిన గుళ్లలో చాలా బుద్ధ ప్రతిమలను తర్వాతి కాలంలో ఉలితో చెక్కేశారు, కొన్నిటిని లింగాలుగా మార్చారు. అదే దేశంలో విష్ణువు కోసం కట్టిన అంకోర్ వాట్ తర్వాత బౌద్ధుల చోటు అయ్యింది. రాయికి ఏ పేరైనా పెట్టొచ్చు. అనిచ్చ అంటే ఇదే.

మరి తేడా ఎక్కడుంది? అక్కడ బొమ్మలు పగిలినా ఊరూరా భిక్షువులు, శీలం పాటించే గృహస్థులు మిగిలారు. అందుకే కంబోడియా ఈనాటికీ బౌద్ధ దేశం. ఇక్కడ స్తూపం చెక్కుచెదరలేదు, ఆచరణ ఆగిపోయింది. మనం పోగొట్టుకున్నది అదీ. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బాబాసాహెబ్ మనకు తిరిగి అందించిందీ అదే.

కాబట్టి కొబ్బరికాయ కొట్టడానికి వచ్చిన అక్కతోనో బాబాయితోనో తగువు పడొద్దు. వాళ్లు మనవాళ్లే. అడిగితే ఇది బుద్ధుని స్తూపమని నెమ్మదిగా చెప్పండి. స్తూపం చుట్టూ ఉన్న ఇరుకు దారిలో కుడివైపుగా మౌనంగా ఒక చుట్టు తిరగండి. గోడల మీద పేర్లు గీకొద్దు, పిల్లల్ని గీకనివ్వొద్దు.

చర్చించండి

1. చులగోముడిలా మన సంపాదనలో ఊరికి మిగిలేలా ఏం ఇవ్వగలం?
2. పంచశీలలో మన ఇంట్లో రోజూ తప్పుతున్నది ఏది?
3. వచ్చే పౌర్ణమికి ఎవరి ఇంట్లో కలుద్దాం?

మూడో ప్రశ్నకు జవాబు తేలాకే కొండ దిగండి.

భవతు సబ్బ మంగళం.