గంగవాయిలి కోసే ముందు కాడ విరిచి చూడండి

వానలు మొదలైన వారం పది రోజులకు గులాబీ కుండీలో, బావి గట్టు మీద, గచ్చు పగుళ్లలో ఎవరూ విత్తకుండానే మొలిచే కూర ఇది. తెలంగాణలో గంగవాయిలి అంటారు, ఆంధ్రలో చాలాచోట్ల గంగపాయల కూర, పావిలి కూర. ఎర్రటి లావుపాటి కాడలు, చెంచా ఆకారంలో మందపాటి ఆకులు, ఎండెక్కాక విచ్చుకునే చిన్న పసుపు పూలు. చాలామంది కలుపని పీకి పారేస్తారు. ఈ మధ్య ఫోన్లో వీడియోలు చూసి కొందరు దివ్యౌషధమంటూ గ్లాసుల్లో పోసుకుని తాగుతున్నారు. రెండూ పొరపాట్లే, రెండోది కాస్త ప్రమాదకరమైనది. ఇది కూర. కూరలాగే తినాలి.

కోసేటప్పుడు

ముందు కాడ విరవండి. నీళ్లలాంటి రసం వస్తే గంగవాయిలి. తెల్లటి పాలు కారితే అక్కడే వదిలేసి చేతులు కడుక్కోండి. అది నానుబాలు జాతి మొక్క. ఇదీ నేలకు అంటుకునే పాకుతుంది, దీని కాడలూ ఎర్రగానే ఉంటాయి, నిలబడి చూస్తే తేడా తెలియదు. వంగి చూస్తే కాడ దారంలా సన్నం, ఆకు పలచన. ఆ పాలు నోటినీ కడుపునీ మండిస్తాయి, కంట్లో పడితే మరీ చేటు. రెడ్డివారి నానుబాలును నాటువైద్యంలో వాడతారుగా అని ఎవరో ఒకరు అంటారు. వైద్యంలో వాడేవన్నీ పప్పులో వేసుకునేవి కావు. రెండు మొక్కలూ ఒకదానిలో ఒకటి అల్లుకుని పెరుగుతాయి కాబట్టి గుప్పెట పట్టి పీకకండి, ఒక్కో కాడా చూసి తుంచండి. కూర కోసుకురమ్మని చిన్నపిల్లల్ని ఒంటరిగా పంపకండి.

నర్సరీల్లో రంగురంగుల పూలతో అమ్మే టేబుల్ రోజ్ కూడా దీని చుట్టమే. చుట్టరికం చూసి తినకండి. ఆ కుండీలకు ఏ మందులు కొట్టారో అమ్మేవాడికే తెలియకపోవచ్చు.

మొక్కను గుర్తుపట్టడం సగం పనే, మిగతా సగం అది పెరిగిన చోటు. గంగవాయిలి ఉప్పునేలల్లో కూడా బతికే మొండి మొక్క. నేలలో సీసం, కాడ్మియం లాంటి లోహాలుంటే వాటినీ పీల్చుకుంటుంది. అందుకే రోడ్డు వారన, మురుగుకాలువ పక్కన, చెత్తకుప్ప దగ్గర, పాత బ్యాటరీల షెడ్డు వెనక ఎంత నవనవలాడుతున్నా కోయకూడదు. కడిగితే మట్టి పోతుంది, లోపలికి చేరింది పోదు.

కలుపుమందుదీ అదే కథ. కలుపు తీసిన ఆడవాళ్లు సాయంత్రం ఒడినిండా ఈ కూర కట్టుకుని ఇంటికి రావడం మామూలుగా ఉండేది. ఇప్పుడు పత్తి, మొక్కజొన్న చేలల్లో కలుపు తీసేది చాలావరకు స్ప్రేయరే. చేనుగల వాళ్లను అడగకుండా కోయకండి. ఆకులు మెలితిరిగి, పసుపెక్కి కనిపిస్తే అడగాల్సిన పని కూడా లేదు.

వండేటప్పుడు

వేర్లు కోసేసి, కణుపుల దగ్గర ఇరుక్కున్న ఇసుక పోయేలా మూడు నీళ్లలో కడగండి. లేత కాడలు పారేయకండి, రుచంతా వాటిలోనే ఉంది. పచ్చిగా పెరుగులో కలుపుకునేవాళ్లున్నారు, కరకరలాడుతూ బాగుంటుంది కూడా. కాకపోతే మీ పెరటి కూర అయితేనే. బజారు కట్ట ఏ నీళ్లతో పెరిగిందో తెలియదు కనుక ఉడికించే తినండి.

నీళ్లు సరిగా అందనప్పుడు ఈ మొక్క రాత్రిపూట గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మాలిక్ ఆమ్లంగా దాచుకుంటుంది, పగలు ఖర్చుపెడుతుంది. అందుకే తెల్లవారి కోసిన ఆకు పుల్లగా, సాయంత్రం కోసినది చప్పగా ఉంటుంది. పొద్దుటి కూరకు చింతపండు తగ్గించండి. కందిపప్పు విడిగా మెత్తగా ఉడికాకే ఆకు వేసి అయిదారు నిమిషాలుంచితే చాలు. పప్పుతోపాటు కుక్కర్లో పడేస్తే జిగురు మిగులుతుంది. పైన ఎల్లిపాయ తాలింపు.

ఎంత, ఎవరు

వంద గ్రాముల పచ్చి ఆకులో సుమారు 300 నుంచి 400 మిల్లీగ్రాముల ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అంటే ఒక రకం ఒమేగా-3 కొవ్వు ఉంటుంది. ఆకుకూరల్లో ఇది అరుదు. 1986లోనే అమెరికా శాస్త్రవేత్తలు ఈ సంగతి వైద్య పత్రికలో రాశారు. అయితే ఇది చేపల్లోని ఒమేగా-3 కాదు. మన శరీరం ఇందులో కొద్ది భాగాన్నే ఆ రూపంలోకి మార్చుకోగలదు. చేప మానేసి గంగవాయిలి తింటే సరిపోతుందన్న మాట నమ్మకండి.

ఈ ఆకులో ఆక్సలేట్లు దండిగా ఉంటాయి, ఆ విషయంలో పాలకూరకు ఏమీ తీసిపోదు. జ్యూస్ వద్దనడం ఇందుకే. పప్పులో మనిషికి గుప్పెడు ఆకు పడుతుంది, మిక్సీలో పెద్ద కట్ట మొత్తం ఒక గ్లాసులోకి వస్తుంది. పాలకూర లాంటి ఆకుల రసాలు అతిగా తాగి మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ల గురించి వైద్య పత్రికల్లో ఉంది. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు తినకపోవడమే మేలు. డాక్టరు సరేనంటే ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోండి. మిగతావాళ్లకు వారానికి రెండుసార్లు చాలు. పెరుగన్నం తినకుండా లేవకండి. పెరుగులోని కాల్షియం ఆక్సలేటును కడుపులోనే పట్టేస్తుంది, రక్తంలోకి చేరేది తగ్గుతుంది.

మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఉన్నట్టుండి రోజూ తినడం మొదలుపెట్టకూడదు, ఆకుల్లోని విటమిన్ కె ఆ మందుకు అడ్డుపడుతుంది. చక్కెర తగ్గుతుందని మాత్రలు మానేయకండి. గర్భిణులు కూరగా కొద్దిగా తినవచ్చు, పొడులూ కషాయాలూ మాత్రం వద్దు.

పాలమొక్క నోట్లో పడితే ఉమ్మేసి నీళ్లతో పుక్కిలించండి, బలవంతాన వాంతి చేయించకండి. కంట్లో పడితే ధారగా నీళ్లు పోస్తూ పావుగంట కడిగి డాక్టరు దగ్గరకు వెళ్లండి. వాంతులు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా 108. పీకిన మొక్కను కవర్లో వేసి వెంట తీసుకెళ్లండి, డాక్టరు మొదట అడిగేది అదే.

ఇంత వెతుకులాట వద్దనుకుంటే, నమ్మకమైన చోట తెచ్చిన రెండు కాడలు శుభ్రమైన మట్టి నింపిన కుండీలో గుచ్చండి. కొద్ది రోజుల్లో వేరు పడతాయి. ఖాళీ పెయింటు డబ్బా మాత్రం వాడకండి.